ఆకును చూసి అప్పు చేయొద్దు

మన వేపాకు కషాయంతో వెండిని, బంగారాన్ని కంటికి కనిపించనంత సన్నటి కణాలుగా తయారు చేయవచ్చు. ఇది కట్టుకథ కాదు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2004లోనే చేసి చూపించారు. వీటినే నానో కణాలంటారు. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. వెండి కణాలు పుండ్లలో చేరే సూక్ష్మజీవులను చంపుతాయి. అందుకే వైద్యరంగం వీటిపై కన్నేసింది.

పద్ధతి తేలికే. 20 గ్రాముల పచ్చి వేపాకును 100 మిల్లీలీటర్ల నీటిలో 5 నిమిషాలు మరిగించి వడకడతారు. సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం కరిగించిన నీటిలో ఆ కషాయం పోస్తారు. ఆకులోని పదార్థాలే లవణం నుంచి వెండిని విడదీస్తాయి. కణాలు ముద్దకట్టకుండా కూడా అవే కాపాడతాయి. వేరే విష రసాయనాల అవసరం తగ్గుతుంది.

అలాగని ఇంట్లో కాచి పశువుల పుండ్లకు రాయకండి, తాగకండి. సిల్వర్ నైట్రేట్ చర్మాన్ని కాలుస్తుంది. వెండి కలిపిన నీళ్లు అదేపనిగా తాగితే ఒళ్లు నీలిరంగుకు తిరుగుతుంది. ఆ రంగు మళ్లీ పోదు.

ఇక అసలు విషయం. రేపు ఎవరైనా మీ ఊరొచ్చి "నానో మందులకు ఆకు కావాలి, ఎకరం వేయండి, మేమే కొంటాం" అంటే ఏం చేస్తారు? ముందు లెక్క వేసుకోండి. పైన చెప్పిన ప్రయోగం కొలతల ప్రకారం కిలో వెండికి సుమారు 2 క్వింటాళ్ల పచ్చాకు చాలు. దానికి తోట ఎందుకు? చేనిగట్ల మీది వేపచెట్లే సరిపోతాయి. పైగా వేపే కావాలని లేదు. తులసి, కలబంద, కొత్తిమీరలతోనూ ఇలాంటి కణాలు చేశారు. ఒక ఆకు ధర పెరిగితే ఇంకో ఆకుకు పోతారు. ఇక మీ బేరం నిలిచేదెక్కడ? ఆకుతో చేసే ఈ పని చాలావరకు ఇంకా ప్రయోగశాల గడప దాటనే లేదు.

సఫేద్ ముస్లి, జట్రోపాల సంగతి గుర్తుంది కదా! మొక్కలు అమ్మినవాడు బాగుపడ్డాడు. పంట కొనే నాథుడు లేక ఎందరో రైతులు చేతులు కాల్చుకున్నారు. శాస్త్రవేత్తలను మెచ్చుకుందాం, తప్పులేదు. ఆ పేరు చెప్పి వ్యాపారం చేసేవాణ్ని మాత్రం నిలదీయండి. ధర, తూకం, డబ్బు ఇచ్చే గడువు కాగితం మీద పెట్టించండి. మొక్కలకు ముందుగా సొమ్ము కట్టమంటే దండం పెట్టి సాగనంపండి.