పొత్తిగుడ్డదా దోషం, డైపరుదా?

పసిబిడ్డ తొడల సందున చర్మం ఎర్రగా కందగానే మన ఇళ్లలో వివాదం మొదలవుతుంది. నాయనమ్మ డైపరును నిందిస్తుంది. తల్లి పాత చీరగుడ్డను అనుమానిస్తుంది. ఇద్దరూ అసలు దోషిని విడిచిపెడుతున్నారని నా అభిప్రాయం. ఒంటికి అంటినది ఏ గుడ్డ అన్నది కాదు, తడితో ఎంతసేపు అంటి ఉన్నదన్నది ముఖ్యం.

సుశ్రుతసంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాల నడుమ 'అహిపూతన' వర్ణింపబడినది. మలమూత్రాలు అంటిన శిశువును కడగకపోవడం, చెమట పట్టిన బిడ్డకు స్నానం చేయించకపోవడం దీనికి కారణాలనీ, రక్తకఫాల దుష్టి వలన దురద, పొక్కులు, స్రావం కలుగుతాయనీ ఆచార్యుడు చెప్పాడు. నేటి వైద్యశాస్త్రం దీనినే మరొక విధంగా వివరిస్తున్నది. మూత్రం మలంతో కలిసినపుడు అమ్మోనియా పుట్టి, చర్మానికి సహజమైన ఆమ్లగుణం తగ్గుతుంది. అప్పుడు మలంలోని జీర్ణరసాలు చురుకై, తడికి నానిన లేత చర్మాన్ని తినివేస్తాయి. విరేచనాలైన బిడ్డకు ఒక్క రాత్రిలోనే చర్మం ఒరుసుకుపోవడం ఇందువల్లనే.

చంపావతి ఒడ్డున ఉన్న నెల్లిమర్ల వంటి ఊళ్లలో ముసురు పట్టిందంటే గుడ్డలు ఒక పట్టాన ఆరవు. సగం ఆరినదానినే పొయ్యి సెగకు చూపి కట్టేస్తారు. అటువంటి రోజుల్లో డైపరు వాడడం తప్పేమీ కాదు. ఖరీదైనదని నిండేదాకా ఉంచడమే తప్పు. రెండు మూడు గంటలకొకసారి, మలవిసర్జన జరిగితే వెంటనే మార్చవలసినదే. గుడ్డలైతే సబ్బు పూర్తిగా పోయేటట్లు జాడించి ఎండలో ఆరవేయాలి.

కందిన చోటును గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది, కాసేపు గాలికి వదలాలి. ఆపైన కొబ్బరినూనె గాని, జింక్ ఆక్సైడు లేపనం గాని పూస్తే తడి చర్మానికి తగలదు. పౌడరు వద్దు, ఆ ధూళి బిడ్డ ఊపిరితిత్తులలోకి పోతుంది. బోరిక్ పౌడరు మరీ ప్రమాదం, ఒరిసిన చర్మం గుండా ఒంట్లోకి ఇంకి విషమవుతుంది. ఇక పసుపు, వేపాకు ముద్ద. పాఠకులు నొచ్చుకున్నా సరే, పచ్చిగా ఒరిసిన చర్మానికి వాటిని పట్టించడాన్ని నేను సమర్థించను.

రెండు మూడు రోజుల్లో తగ్గక, మడతల లోపల ఎర్రదనం, చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే అది బూజుజాతి సూక్ష్మజీవి వల్ల కావచ్చు. అప్పుడు మందుల దుకాణంలో అడిగి 'అన్నిటికీ పనిచేసే' ట్యూబు తేవడం మన మధ్యతరగతి అలవాటు. వాటిలో తరచు ఘాటైన స్టీరాయిడు ఉంటుంది. డైపరు కింద అది మరింతగా ఇంకి లేత చర్మాన్ని పలుచబరుస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో పలు స్టీరాయిడు పూతమందులను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. అయినా చీటీ లేకుండా అడిగేవారం మనమే కదా! చీము, జ్వరం, రక్తస్రావం ఉంటే ఇంటి వైద్యం ఆపి పిల్లల వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. నెల్లిమర్లలో 2002 నుండి వైద్య కళాశాల ఉన్నది; అందుకోసం విజయనగరం దాకా పోనక్కరలేదు.