పేరు దొరకని పిల్ల

ఈ నెల ఒక బొమ్మ సంగతి. అమెరికాలో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది. మనవరాలు ఫోన్‌లో చూపెడితే పెద్దగ చేసుకొని చూసిన. బ్రస్సెల్స్ పట్నంలో ఉండే రోజియర్ వాన్ డెర్ వైడెన్ అనే ఆయన 1460 ప్రాంతంలో ఓక్ చెక్క మీద నూనె రంగులతో వేసిండు. ఎత్తు అడుగు కంటె కొంచెం ఎక్కువ, అంతే.

ఒక పడుచు పిల్ల. కండ్లు కిందికి దించుకొని, చేతులు కలిపి పెట్టుకున్నది. నల్లటి గౌను, నడుముకు ఎర్ర పట్టీ. ఆ కాలంలో మంచి ఎరుపు అద్దకం చాన ఖరీదు, అందుకని ఉన్నోళ్ళ పిల్లే అనుకుంట.

తల మీది ముసుగు చూడాలె. ఫోల్డింగ్ ఖాతాలో ఇరవై ఆరేండ్లు గుడ్డను వెలుతురుకు పట్టి చూసినోణ్ణి, నా కన్ను అటే పోయింది. ఎంత పల్చన అంటే చెవి, భుజం దాని కిందికెళ్ళి కనపడుతున్నయి. బట్ట మడత పడి రెండు పొరలైన చోట తెలుపు ఎక్కువ, ఒక్క పొర ఉన్న చోట ఒంటి రంగు తేలింది. జారకుండ గుచ్చిన పిన్ను సుత విడువలే. ఆ దిక్కు ఊర్లు ఉన్ని బట్టకు పేరు పడ్డవి. చిన్నప్పటి సంది బట్టను చూసిన కండ్లు మరి!

ఇంత చేసి పిల్ల పేరు మాత్రం ఎక్కడ రాయలే. బర్గండీ ప్రభువు కూతురని కొందరు ఊహించిన్రు, రుజువు లేదు. బొమ్మ మీద ఆయన సంతకం సుత లేదు, పనితనం చూసి ఆయనదేనని తేల్చిన్రు. అది నాకు వింత అనిపియ్యలే. థాన్ చూసి ఇది ఫలాన సాంచాదని మేమూ చెప్పేటోళ్ళమే. కని ఎదురుంగ కూసున్న మనిషిని అట్ల పట్టలేము. అప్పుడు ఆమెను ఎరిగినోళ్ళు ఊరంత ఉండి ఉంటరు, రాసిపెట్టాలని ఎవరికి తోచలేదేమో.

మా ఇంట్లో 1981 ఫోటో ఒకటున్నది, వైండింగ్ ఖాతా ఆడోళ్ళు పదకొండు మంది. మిల్లు మూసినంక మస్టర్ పుస్తకాలు ఎటు పోయినయో. ఇప్పటికి ఏడుగురి పేర్లు దొరికినయి, ఫోటో ఎనుక రాసిన. ముందు వరుసలో ఎడమ దిక్కు చివరన, ముక్కుపుడక, గళ్ళ చీర, చేతిలో టిఫిను డబ్బా పట్టుకున్న అక్క ఎవరో తెలిసినోళ్ళు ఇంటికొచ్చి చెప్పున్రి. సాయంత్రం పూట ఇంట్లనే ఉంట.