ఇంటిపేరు ఎవరి ఇంటిది?

క్రితం నెల నర్సంపేట వైపు నుంచి ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచి నిండా కాగితాలు. పదో తరగతి మెమో మీద పుట్టింటి పేరు, ఆధార్ మీద అత్తింటి పేరు. తండ్రి పోయాక అన్నలు ఇరవై గుంటల భూమి ఆమె పేరున రాయడానికి ఒప్పుకున్నారు. ఆ పని మీద పోతే కౌంటర్ దగ్గర కూర్చున్నాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి “ఏందమ్మా, నువ్వు ఒక్కదానివా, ఇద్దరా?” అన్నాడట. వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారట. “అక్కా, నేను ఆ ఇంటి బిడ్డనే అని మళ్ళ మా అన్నలతోనే రాయించుక రమ్మన్నడు. వాళ్ళ మనసు మారకముందే పని గావాలె” అంది ఆమె.

ఆమె వెళ్ళాక నా కాగితాలు తీసి చూసుకున్నాను. డిగ్రీ సర్టిఫికెట్ మీద ఒక ఇంటిపేరు, ఓటరు జాబితాలో ఇంకొకటి. జాబితాలో ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో నాకు తెలియదు. నన్నెవరూ అడగలేదు. చదువుకున్నదాన్ని, ఎక్కడ ఏ కాగితం చూపాలో తెలుసు కనుక ఇన్నాళ్ళూ గడిచిపోయింది. నిజం చెప్పాలంటే మన సంఘాల్లో కూడా దీన్ని ఎప్పుడూ చిన్న విషయంగానే చూశాం. కట్నం చావులు, సారా, అత్యాచారాల ముందు ఇంటిపేరు ఎంత అనుకున్నాం. ఇరవై గుంటల భూమి ఒక ఇంటిపేరు దగ్గర ఆగిపోతుందని మనకు తట్టలేదు.

అసలీ ఇంటిపేర్లు ఎక్కడివి? గుర్రం, మామిడి, గుమ్మడి, గడ్డం వంటివి సరే, వాటి వెనక ఏ ముత్తాత కథ ఉందో ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. చాలావాటి మూలం మాత్రం ఊరు. బమ్మెర పోతనకు బమ్మెర, పాల్కురికి సోమనాథునికి పాలకుర్తి. ఊళ్ళోనే ఉన్న మనిషిని ఊరి పేరు పెట్టి పిలిచే అవసరం ఎవరికీ రాదు. ఊరు విడిచి ఇంకో ఊరికి పోయినప్పుడే ‘ఫలానా ఊరివాళ్ళు’ అంటారు. అంటే చాలా ఇళ్ళకు ఇంటిపేరు మొదట వలస గుర్తే. మరి మన దగ్గర తరతరాలుగా అందరికంటే ఎక్కువగా ఊరు విడిచి పోయిందెవరు? పెళ్ళయిన ఆడపిల్ల. ఆమెకు మాత్రం విడిచి వచ్చిన ఊరి పేరు మిగల్లేదు.

ఇంటిపేరు చేసే ఇంకో పని కులం చెప్పడం. హనుమకొండలో అద్దె ఇల్లు వెతుక్కున్న వాళ్ళెవరినడిగినా చెప్తారు, ‘మీ ఇంటిపేరేంది’ అన్న ప్రశ్న దేని కోసమో. దొరలకు, పట్వారీలకు కొందరి ఇంటిపేరుతో పని కూడా పడలేదు, వృత్తి పేరే చాలింది. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను కాపాడుకున్న ఐలమ్మ పుట్టింటి పేరు ఓరుగంటి, అంటే మన ఓరుగల్లు పేరే. అత్తింటి పేరు చిట్యాల. లోకానికి ఆమె చాకలి ఐలమ్మ. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టింది కూడా ఆ పేరే. అవమానంగా పిలిచిన పేరు గౌరవంగా నిలబడటం సంతోషమే. అయినా మూడు పేర్లలో ఏదీ ఆమెను అడిగి పెట్టింది కాదని మరిచిపోలేను.

మొన్న ఒక సమావేశంలో ఒక యువ మిత్రురాలు “విదేశాల్లో ఈ గొడవ ఉండదు కదా” అంది. ఫ్రాన్స్ సంగతి చెప్పాను. అక్కడి ఇంటిపేర్లూ మనవాటిలాంటివే. దుపోఁ అంటే వంతెన దగ్గరివాడు, దుబ్వా అంటే అడవి దగ్గరివాడు, లెఫెవ్ర్ అంటే కమ్మరి. అందరికంటే ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు మార్టిన్. తూర్ నగరంలో బిషప్‌గా పనిచేసిన సెయింట్ మార్టిన్ మీది భక్తితో పిల్లలకు పెట్టుకున్న పేరు, తర్వాతి తరాలకు ఇంటిపేరైంది. అక్కడ విప్లవ ప్రభుత్వం 1794లో ఒక చట్టం చేసింది. పుట్టినప్పుడు రిజిస్టర్లో ఎక్కిన పేరు తప్ప ఎవరూ వేరే పేరు పెట్టుకోరాదన్నారు. ఆ లెక్కన ఫ్రెంచి స్త్రీ పెళ్ళయినా చట్టం దృష్టిలో పుట్టింటి పేరుతోనే ఉంటుంది, భర్త పేరు వాడుకకు మాత్రమే. కానీ ఆఫీసులు రెండు వందల ఏళ్ళు ఆమెను భర్త పేరుతోనే పిలిచాయి. దరఖాస్తు ఫారాల్లో ‘కన్యగా ఉన్నప్పటి పేరు’ అన్న గడిని తీసెయ్యమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2012లో. తల్లి ఇంటిపేరు పిల్లలకు పెట్టుకునే వీలు 2005లో గానీ రాలేదు. మన యానాం కూడా 1954 దాకా ఆ ఏలుబడిలో ఉన్నదే. యానాం, పుదుచ్చేరి వంటి చోట్ల ఫ్రెంచి పౌరస్మృతిలోకి మారదలచిన భారతీయులు 1881 డిక్రీ ప్రకారం ముందు ఒక ఇంటిపేరు ఎంచుకుని రాయించుకోవాలి. ఇంటిపేరు లేనివాళ్ళను లెక్కలో రాసుకోవడం ఆ రాజ్యానికి చేతకాలేదన్నమాట.

మన చట్టం సంగతి చూద్దాం. పెళ్ళయ్యాక స్త్రీ ఇంటిపేరు మార్చుకోవాలని 1955 హిందూ వివాహ చట్టంలో ఎక్కడా లేదు. పాస్‌పోర్టుకు స్త్రీలు పేరు మార్చుకోనక్కర లేదని 2017లో ప్రధానమంత్రే ప్రకటించారు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఉందని రాష్ట్రం 1986లో, కేంద్రం 2005లో వారసత్వ చట్టాన్ని సవరించాయి. చట్టం అడగని మార్పును ఊరు అడుగుతుంది, ఊరి మాట విని కౌంటర్ అడుగుతుంది. రేషన్ కార్డులో అత్తింటి పేరు రాస్తారు, దాన్ని చూసి ఇంకో కార్డులో రాస్తారు. తర్వాత తండ్రి భూమి దగ్గరకు పోతే ‘నువ్వు ఆ ఇంటి మనిషివని రుజువేది’ అంటారు. పేరు మార్చినవాళ్ళే తేడా ఎందుకుందని అడుగుతారు! ఆధార్‌లో పేరు మామూలుగా జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. పెళ్ళికొకసారి, విడాకులకొకసారి అయిపోతే ఆపైన ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగాలి. వదిలేసిన భర్త పేరును గెజిట్ ద్వారా వదిలించుకోవాలంటే విడాకుల డిక్రీ అయినా తేవాలి, భర్త అభ్యంతరం లేదన్న కాగితమైనా తేవాలి అన్న నిబంధన మీద 2024లో ఒకామె ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది.

పిల్లల ఇంటిపేరు మీద మన తెలుగు కుటుంబం కేసే సుప్రీంకోర్టు దాకా పోయింది. భర్త చనిపోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకుని, బిడ్డకు కొత్త ఇంటిపేరు పెట్టుకుంది. బిడ్డకు చనిపోయిన తండ్రి ఇంటిపేరే ఉంచాలని, రెండో భర్తను రికార్డుల్లో సవతి తండ్రిగా రాయాలని 2014లో హైకోర్టు అంది. అత్తమామలు కేసులో ఆ కోరికే కోరలేదు. ఆమె ఎనిమిదేళ్ళు పోరాడింది. తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలు కనుక ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనని, సవతి తండ్రి అని రాయించడం క్రూరమని సుప్రీంకోర్టు 2022 జులై 28న తీర్పు చెప్పింది. ఈ తీర్పు మన కార్యకర్తలందరి దగ్గరా ఉండాలి.

‘ఆడపిల్లతో వంశం పేరు నిలవదు’ అని వరంగల్‌లో ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. రుద్రమదేవి నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి పెళ్ళాడింది. చాళుక్య రాణి కాలేదు, కాకతీయ రాజ్యాన్నే ఏలింది. ఆమె తర్వాత గద్దెనెక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. తల్లి వైపు నుంచి వచ్చినవాడే, అయినా చరిత్ర అతన్ని కాకతీయుడనే రాసింది. రాజ్యం ఉంటే ఆచారం వంగుతుంది, ఇరవై గుంటల దగ్గరే బిగుసుకుంటుంది.

నర్సంపేట అక్క పని ఇది రాసేనాటికి ఇంకా కాలేదు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించాం, బడి రికార్డు నకలు తీశాం. ఈసారి ఆమెతో మాలో ఇద్దరం పోతున్నాం. కాదంటే ఏ నిబంధన కింద కాదంటున్నారో రాసి ఇవ్వమని అడుగుతాం. మీ మండలాల్లోనూ భూమి, పింఛన్, బ్యాంకు రుణం ఇంటిపేరు తేడాతో ఆగిపోయిన స్త్రీలు ఉంటారు. ఏ ఆఫీసులో ఏ కాగితం అడిగారో, ఏం చూపిస్తే పని అయిందో రాసి పంపండి. పేర్లు వేయం. వచ్చే సంచికలో ఆ వివరాలన్నీ ఒకచోట అచ్చువేసి, రెండు జిల్లాల కలెక్టర్లకూ ఇస్తాం.