మురుగు ఎవరిది? నింద ఎవరికి?

మూసీ నీళ్లతో పండిన ఆకుకూరలు తినొద్దని పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా మా వీధికి కూరలు తెచ్చే అక్క గంప సగం కూడా ఖాళీ కాదు. పోయినసారి ఆమె అడిగింది: "గా మురుగు మేం తెచ్చినమా అమ్మా? మీ ఇండ్లకెల్లి వచ్చిందే గద!" నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నేనూ పాలకూర కొనలేదు మరి.

హైదరాబాద్ దిగువన పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు పొలాలు దశాబ్దాల పాటు నగరం మురుగునీటి మీదే బతికాయి. అక్కడ కలుపు తీయడం, కోయడం, కట్టలు కట్టడం, అమ్మడం ఎక్కువగా స్త్రీల పని. నీళ్ల సంగతి అలా ఉండగా, శుద్ధి కేంద్రాల్లో మిగిలే మడ్డిని ఎండబెట్టి పొలాలకు ఎరువుగా ఇవ్వాలనే మాట కూడా వింటున్నాం. మడ్డిలో నత్రజని, భాస్వరం ఉన్న మాట నిజమే. మలం ఎరువు కావడం కొత్తా కాదు, తప్పూ కాదు. కానీ నగరం మడ్డిలో ఉండేది మలం ఒక్కటే కాదు. పటాన్‌చెరు పరిశ్రమల నీటిని గొట్టం వేసి తెచ్చి, ఇళ్ల మురుగులో కలిపి అంబర్‌పేట కేంద్రానికి పంపిన చరిత్ర మనది. శుద్ధి చేస్తే నీరు తేటబడుతుంది. అందులోని కాడ్మియం, సీసం మాత్రం మాయం కావు, చాలావరకు మడ్డిలోకే దిగుతాయి. గింజల కన్నా ఆకుకూరలే కాడ్మియంను ఎక్కువగా పీల్చుకుంటాయి.

ఇక పురుగుల సంగతి. ఏలికపాముల గుడ్లు నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చావవు. కొంకిపురుగు పిల్లలు ఉత్త కాళ్ల చర్మం గుండా లోపలికి పోయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మనం ఐరన్ మాత్రలు పంచి, "ఆకుకూరలు తినండమ్మా" అని చెప్పి వస్తాం (నేనూ ఎన్ని మీటింగుల్లో చెప్పానో!). ఆ కూర పండించే బురదలో ఆమె కాళ్లకు ఏముందని అడగం.

అమెరికా 1993 నిబంధనల ప్రకారం, క్రిములు పూర్తిగా చావని మడ్డి వేసిన నేలలో, మట్టికి తగిలే ఆకుకూరల్లాంటి పంటలను 14 నెలల దాకా కోయకూడదు. నెల రోజుల్లో కోతకొచ్చే తోటకూర మీద బతికే కౌలుదారు స్త్రీ 14 నెలలు ఎలా ఆగగలదు? అంటే అలాంటి మడ్డి ఆకుకూరల మడిలోకి రానే కూడదు. ఆ దేశంలోనే మెయిన్ రాష్ట్రం, ఎన్నేళ్లయినా విరిగిపోని పీఫాస్ రసాయనాలు పొలాల్లో చేరాయని తేలాక, 2022లో మడ్డి చల్లడాన్నే నిషేధించింది.

మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సిటీ కంపోస్టులో కాడ్మియం కిలోకు 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. మడ్డికి కనీసం ఆ పరీక్ష చేసి, ఫలితాన్ని ఊళ్లో గోడ మీద రాయమని అడగాలి. ఏ కేంద్రం మడ్డి ఏ ఊరికి పోయిందో తెలుసుకోవడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల దరఖాస్తు చాలు. ఇళ్ల మురుగులో పరిశ్రమల నీరు కలపొద్దనాలి. మడ్డి ఎత్తే, చల్లే కూలీలకు బూట్లు, చేతితొడుగులు, నులిపురుగుల మందు ఇవ్వడం పని చేయించుకునేవాళ్ల బాధ్యత కావాలి. మనం కూర కొనడం మానేస్తే ఇందులో ఏదీ జరగదు, అక్కకు ఆ రోజు సంపాదన పోతుంది.

వచ్చే నెల సంఘం మీటింగుకు ఆమెను రమ్మన్నాను. "పొద్దుగాల పెట్టకుండ్రి, కూరలు అమ్మే టైం" అంది. సాయంత్రానికి మార్చాం.