గట్టు మీద చెట్టు సరే, అది కౌలు రైతుదేనా?

పొలం గట్ల మీద చెట్లు పెంచండని రైతులకు చెప్పడం కొత్తేం కాదు. 2014లోనే కేంద్రం జాతీయ వ్యవసాయ అటవీ విధానం తెచ్చింది. అలాంటి విధానం తెచ్చిన మొదటి దేశం మనదే. తర్వాత ‘హర్ మేడ్ పర్ పేడ్’, అంటే ప్రతి గట్టు మీదా చెట్టు అనే నినాదంతో పథకమూ వచ్చింది. చిక్కంతా ఆ గట్టు ఎవరిదన్న దగ్గరే.

పద్ధతిలో లోపం లేదు. 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్, శంకర్‌పల్లి దగ్గరి కొత్తపల్లిలో 1999లో రైతులతో కలిసి వాటర్‌షెడ్ పని మొదలుపెట్టింది. అక్కడ గట్ల మీద గిరిపుష్పం మొక్కలు నాటించారు. వేర్లు గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. కొమ్మలు కొట్టి చేలో వేస్తే ఆకులోని నత్రజని నేలకు చేరుతుంది, యూరియా ఖర్చు కొంత తగ్గుతుంది. సాగు భూమి తగ్గదు కాబట్టి రెండెకరాల రైతుకూ ఇది కుదురుతుంది.

మరి కౌలు రైతు సంగతి? కౌలు అన్న మాట ‘ఖౌల్’ నుంచి వచ్చింది. ఖౌల్ అంటే ఇచ్చిన మాట. ఇక్కడ కౌలు ఇప్పటికీ ఎక్కువగా నోటి మాటే, అదీ ఏడాదికి. మామిడి కాపుకు నాలుగైదేళ్లు, టేకుకు ఇరవై ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడాది ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు చెట్టెందుకు నాటుతాడు? నాటనిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని పట్టాదారుకూ భయమే. పటాన్‌చెరు వైపు ఇది ఇంకా ఎక్కువ. భూమిని ప్లాట్లుగా అమ్మాలని చూసే యజమాని పదేళ్ల కౌలు రాసివ్వడు. నక్కవాగు వెంట ఫ్యాక్టరీల వ్యర్థాలతో నీళ్లు పాడైన కథ 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

సర్కారు లెక్కలోనూ కౌలుదారు కనిపించడు. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారులకే అందింది. కౌలు రైతుకు కార్డు ఇవ్వాలన్న 2011 చట్టం సరిగా అమలు కాలేదు.

ఇక్రిశాట్ పనిచేస్తున్న మరో దేశం నైజర్. అక్కడ ఒకప్పుడు పొలంలోని చెట్టు కూడా సర్కారుదే. దాంతో రైతులు మొలకలను పట్టించుకోలేదు. 1980ల నుంచి చెట్టు తమదేనన్న నమ్మకం కుదిరాక, నరికిన మొద్దుల నుంచి వచ్చిన చిగుళ్లనే కాపాడుకున్నారు. అలా దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు పెరిగాయి. నర్సరీ మొక్కలు పెద్దగా అవసరమే పడలేదు.

ఆ నమ్మకం ఇక్కడా కుదరాలి. భూమితో సంబంధం లేకుండా కాపు మీద హక్కు అమ్మడం మనకు తెలియనిదేం కాదు. పూత మీదే మామిడి తోటను గుత్తకు పట్టే వ్యాపారికి భూమి మీద హక్కేమీ రాదు, కాయ మాత్రం అతనిదే. గట్టు చెట్టుకూ అలాగే రాసుకోవచ్చు: భూమి పట్టాదారుది, కొమ్మ, కాయ, కలపలో ఇంత వాటా పెంచినవాడిది, మధ్యలో కౌలు మారితే ఇంత పరిహారం. మొక్కలు పంచేటప్పుడే వ్యవసాయ శాఖ ఆ కాగితం మీద ఇద్దరి సంతకాలూ తీసుకోవచ్చు.