ఇంజెక్టర్‌ని కొలవకుండా టేబుల్ మీద పడితే ఎలా?

మావాడొకడున్నాడు. వారమంతా జావా, శనాదివారాలు ఇంజన్ ఆయిలు. పాత ఎస్టీమ్ ఒకటి కొని, దాని ఒరిజినల్ ఈసీయూ పీకేసి స్పీడ్యునో పెట్టాడు. ఆర్డ్యునో మెగా మీద నడిచే ఓపెన్ సోర్స్ సరుకు లెండి. 2001లో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు మెగాస్క్విర్ట్‌తో ఈ పిచ్చిని ఇంటింటికీ పంచారు, ఇది దాని తర్వాతి తరం.

మొన్న షెడ్డుకి రమ్మన్నాడు. "మామా, పగలు సుబ్బరంగా నడుస్తుంది. హెడ్‌లైట్లూ ఫ్యానూ వేస్తే ఐడిల్‌లో చచ్చిపోతోంది. టేబుల్‌లో ఇంకొంచెం పెట్రోల్ పెంచనా?"

పెంచొద్దన్నాను. అక్కడే గొడవ మొదలైంది.

కొంచెం లెక్క చూద్దాం, భయపడకండి. 1298 సీసీ, 4 సిలిండర్లు. ఒక్కోదాంట్లో పట్టే గాలి సుమారు 0.39 గ్రాములు. 14.7కి 1 చొప్పున 0.0265 గ్రాముల పెట్రోల్ కావాలి. ఇంజెక్టర్ నిమిషానికి 200 సీసీ ఇస్తుందనుకుంటే, అది దాదాపు 10.7 మిల్లీసెకన్లు తెరిచి ఉండాలి. ఇది ఫుల్ త్రాటిల్ మాట. ఐడిల్‌లో 1.9 చాలు. (అన్నట్టు, ఆ 14.7 స్వచ్ఛమైన పెట్రోల్‌కి. ఇప్పుడు బంకుల్లో పోసే ఈ20కి అది 13.5 దగ్గరుంటుంది. మావాడు దీన్నీ మార్చలేదు.)

కానీ ఇంజెక్టర్ ఒక సోలినాయిడ్. కరెంటివ్వగానే తెరుచుకోదు, బద్ధకంగా లేస్తుంది. ఆ వృథా టైముని డెడ్ టైమ్ అంటారు. వోల్టేజి తగ్గితే ఆ బద్ధకం ఇంకా పెరుగుతుంది. మావాడు ఎవరిదో ఫైల్లోంచి 0.6 అని ఎత్తుకొచ్చి పెట్టేశాడు, వోల్టేజి కరెక్షన్ అసలే లేదు. నిజానికి అది 14 వోల్టుల దగ్గర 1.0. తేడా 0.4 మిల్లీసెకన్లే కదా అనకండి. ఫుల్ త్రాటిల్‌లో అది 4 శాతం. ఐడిల్‌లో 20 శాతం పైనే! ఆ లోటుని వీఈ టేబుల్‌లో 50ని 60 చేసి పూడ్చాడు. ఇక లైట్లేస్తే వోల్టేజి 12.4కి పడింది, డెడ్ టైమ్ మరో పావు మిల్లీసెకను పెరిగింది, మిక్చర్ 17 దాకా పోయింది. చావక ఏం చేస్తుంది?

ఇప్పుడు ఇంకా పెట్రోల్ పెంచితే లైట్లార్పినప్పుడు ప్లగ్గులు నల్లబడతాయి. అప్పుడు ఆటోట్యూన్ వచ్చి మళ్ళీ తగ్గిస్తుంది. నాకు ఆటోట్యూన్ మీద కోపం లేదు. కానీ అది పునాదిలో తప్పుందని చెప్పదు, ఆ తప్పుని 256 గళ్ళలోకి శ్రద్ధగా పంచిపెడుతుంది. ఐడిల్‌లో ఐతే బండి ఆగుతుంది, అంతే. ఇదే ధోరణితో ఫుల్ లోడ్‌లో లీన్‌గా నడిపితే పిస్టన్ కరుగుతుంది.

మరి కొలవడమెలా? ఇంజెక్టర్లు ఊడదీసి 3 బార్ ప్రెషర్ మీద బెంచికెక్కించాం. పెట్రోల్‌తో కాదు బాబోయ్, టెస్టింగ్ ఫ్లూయిడ్‌తో, మంట ఏదీ దగ్గర లేకుండా. వెయ్యేసి పల్సులు. 3 మిల్లీసెకన్లకి 6.7 సీసీ, 5కి 13.3 సీసీ. అంటే 2 మిల్లీసెకన్లకి 6.6. ఆ గీతని వెనక్కి లాగితే 1.0 దగ్గర సున్నా అయింది. ఇలాగే 12 వోల్టుల దగ్గరా చేశాం. మరీ చిన్న పల్సుల దగ్గర గీత వంకర పోతుంది కాబట్టి 2 కిందకి దిగలేదు. ఒక మధ్యాహ్నం పట్టింది. మావాడు మూడు నెలలుగా టేబుల్ దిద్దుతున్నాడు.

"మరి నేను కష్టపడి చేసిన టేబుల్?" అన్నాడు, పిల్లాడి బొమ్మ లాక్కున్నట్టు మొహం పెట్టి. చెరిపెయ్యమన్నా. రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు మొదట్నించీ మొదలెట్టాడు. ఆదివారం రాత్రి హెడ్‌లైట్లూ, ఫ్యానూ, హారనూ అన్నీ ఒకేసారి వేసి ఫోన్లో వినిపించాడు. ఐడిల్ కదల్లేదు.

నీతులు చెప్పానని నన్ను పెద్దమనిషి అనుకోకండి. మా ప్రాజెక్టులో ఒక రిపోర్టు టోటల్ ఎక్కడా కలవక, రిలీజు ముందురోజు రాత్రి నేను 0.93తో గుణించి చెకిన్ చేశాను. కారణం తర్వాత వెతుకుదామని కామెంట్ కూడా రాశాను. రెండేళ్ళయింది, క్లయింటుకి ప్రతి నెలా ఆ రిపోర్టు వెళ్తూనే ఉంది. షెడ్డునించి ఇంటికొచ్చి ఆ ఫైల్ తెరిచాను. నా 0.93 కింద ఇంకెవరో 1.02 చేర్చారు.