తెలిసి ఏం చేశారు?

పెద్ద దాడి జరిగిన ప్రతిసారీ ఒక అనుమానం తలెత్తుతుంది. పైవాళ్లకు ముందే తెలుసా? 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్‌పై జపాన్ విరుచుకుపడి 2,400 మందికి పైగా అమెరికన్లను బలిగొన్నప్పటి నుంచీ ఈ అనుమానం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను వెంటాడుతూనే ఉంది. యుద్ధంలోకి దిగేందుకు సాకు కావాలి కాబట్టి తెలిసీ ఊరుకున్నారన్నది ఆరోపణ. 1945-46లో అమెరికన్ కాంగ్రెస్ సంయుక్త సంఘం విచారణ జరిపింది. అలసత్వం బయటపడింది గానీ కుట్రకు ఆధారం దొరకలేదు.

అండమాన్ కథ వేరు. అక్కడ దాపరికమే లేదు. 1942 మార్చి 8న రంగూన్ చేజారగానే తర్వాతి వంతు తమదేనని బ్రిటిష్ వారికి అర్థమైంది. పోర్ట్ బ్లెయిర్‌ను కాపాడలేమని తేల్చుకుని, జనవరిలో అదనంగా పంపిన సేనను కొద్దిరోజుల్లోనే వెనక్కి రప్పించారు. మార్చి 23న జపాన్ సైన్యం దిగేసరికి ప్రతిఘటనే లేదు. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్ బందీగా చిక్కారు. ఆయన సహాయకుడు మేజర్ బర్డ్‌ను చంపేశారు.

సైనికంగా చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టమే. ఫిబ్రవరిలో సింగపూర్‌నే నిలబెట్టుకోలేని వారు ఈ దీవులను ఏం కాపాడగలరు? కానీ సేనకు దొరికిన దారి దీవుల్లోని వేలాది మందికి దొరకలేదు. ముందస్తు సమాచారం ఎందుకూ కొరగాదనలేం. ఏప్రిల్ 5న కొలంబోపై జరిగిన దాడిని జపాన్ రహస్య సందేశాల ద్వారా పసిగట్టిన బ్రిటిష్ వారు, రేవులోని ఓడల్లో చాలావాటిని ముందే తప్పించగలిగారు.

అండమాన్‌లో మిగిలిపోయిన వారికి ఆ తర్వాత 'సమాచారం' అన్న మాటే ప్రాణాంతకమైంది. 1943 జనవరిలో మేజర్ డెనిస్ మెకార్తీ బృందం జలాంతర్గామిలో వచ్చి రహస్యంగా తీరం చేరింది. కబుర్లు బయటికి పొక్కుతున్నాయన్న అనుమానంతో జపాన్ వారు విరుచుకుపడింది మాత్రం స్థానికుల మీదే. వైద్యుడు, కవి దివాన్ సింగ్ సెల్యులార్ జైలులో చిత్రహింసలకు గురై 1944 జనవరి 14న కన్నుమూశారు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులని ముద్రవేసి కాల్చి చంపారు.

రూజ్‌వెల్ట్‌కు తెలుసా అన్న వాదన ఇప్పట్లో తెగదు. అండమాన్ వేసే ప్రశ్న అంతకంటే సూటిగా ఉంటుంది. తెలిసినవారు ముందుగా ఎవరిని గట్టెక్కించారు? జవాబు కోసం రహస్య ఫైళ్లు తిరగేయనక్కర్లేదు. హంఫ్రీగంజ్‌లోని స్మారకం చాలు.